నాయిన పద్మిని: ఒక పాత కారు పని డైరీ

2024 నవంబర్ 17

బండి ఇంటికొచ్చింది. నడిచి రాలేదు, దేవరకొండ రోడ్డు మీది మా ఊరి కొట్టంలోంచి ట్రాక్టరు ట్రాలీ ఎక్కి వచ్చింది. 1992 ప్రీమియర్ పద్మిని, ఏపీ 24 నంబరు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు వాడిన బండిని నాయిన 1998లో కొన్నాడు. చెర్వుగట్టు జాతరకు పిల్లాజెల్లా తొమ్మిది మందిమి ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని పోయేవాళ్లం. 2009లో వాటర్ పంపు పోయింది. "వచ్చే నెల చేయిద్దాం తీ" అన్నాడు నాయిన. ఆ నెల రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

నాది నల్లగొండలో మోటార్ రీవైండింగ్ షాపు. రాగి తీగ, వార్నిషు, బేరింగులు నాకు తెలిసిన పని. రేకు పని తెలియదు. చూసి నేర్చుకోవచ్చులే అనుకుంటున్నాను.

మా బావమరిది వచ్చి చుట్టూ ఒక రౌండ్ కొట్టి, "ఏముంది బావా, రెండు సొట్టలు. పెయింట్ కొట్టిస్తే అయిపాయె" అన్నాడు. నాకూ అట్లనే అనిపించింది. అయినా పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతానికి బట్ట చుట్టి బాడీ అంతా తిప్పాను. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ ఉన్నచోట జారి పడుతుంది. పడిన ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రం గీశాను. పద్నాలుగు గుండ్రాలు తేలాయి. తలుపుల కింది అంచులు, వెనక చక్రాల పైన, అన్నిటికంటే ఎక్కువ తలుపుల కిందుండే సైడ్ పట్టీల మీద. బండి కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కుడివైపు పట్టీలోకి పిడి దాకా దిగింది. లోపలి నుంచి బియ్యం గింజల్లా తుప్పు రాలింది. ఎప్పుడో ఎవరో దాని మీద తారు పూసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి మూసేశారు.

కాగితాల సంగతి కూడా ఇవ్వాళే చూశాను. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. మాది 2012తో ఆగిపోయింది. "వింటేజ్ నంబర్ తీస్కో అన్నా" అని షాపు పక్కాయన సలహా. 2021లో వచ్చిన ఆ రూలు యాభై ఏళ్లు దాటిన బండ్లకే, నంబరులో వీఏ అని వస్తుంది, పైగా వాటిని రోజూ తిప్పకూడదు. మాది ముప్ఫై రెండేళ్లది. కాబట్టి మామూలు రెన్యువలే దిక్కు. దానికి ఇన్‌స్పెక్టరు ముందు బండి నిలబడాలి, బాడీ రేకు మీద చెక్కిన ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కాగితం మీద పడాలి. అందుకే అన్నిటికంటే ముందు ఆ నంబరున్న చోటును మెత్తగా తుడిచి, గ్రీజు రాసి, పైన టేపు వేశాను. రేపు సొట్టలు తీసే డెంటర్ గ్రైండర్ పట్టుకున్నా, పెయింటర్ పుట్టీ పట్టుకున్నా ఆ టేపు జోలికి పోవద్దని చెప్పాలి. ఆ అంకెలు అరిగిపోతే బండి ఎంత మెరిసినా ఇనుప సామానే.

డిసెంబర్ 1

ఇంజన్. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. బావమరిది పోయిన వారమే ఒక పొద్దున తన బొలెరో బ్యాటరీ మోసుకొచ్చాడు. "ఒక్క సెల్ఫ్ కొడ్దాం బావా, ఏం పోతది?" పోయేది చాలా ఉంది. పదిహేనేళ్లు కదలని పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, గోడ గీసుకుపోతుంది. ఏళ్ల తరబడి మునిగి ఉన్న సబ్‌మెర్సిబుల్‌ను బయటికి తీసి, చేత్తో తిప్పి చూడకుండా కరెంటిస్తే ఏమవుతుందో రోజూ చూసేవాణ్ణి నేను.

ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో దాంట్లో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి రెండేసి మూతలు పోశాను. బట్ట కప్పి వారం వదిలేశాను. ఇవ్వాళ ఒక వెనక చక్రం జాకీ మీద లేపి, టాప్ గేరు వేసి, చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఊపాం. మొదటి అరగంట రాయే. తర్వాత ఒక గోరంత కదిలింది. సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది. నాయిన గుమ్మంలో కూర్చుని చూస్తూ, "దాని నడుము వట్టుకున్నది, నాది వట్టుకున్నది. నాకు గూడ గింత నూనె పోయుండ్రి" అన్నాడు.

పెట్రోలు ట్యాంకు దించాం. అడుగున వార్నిషు వాసనతో ఎర్రటి బురద. ఇక్కడ ఒక విషయం గట్టిగా రాసుకుంటున్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు ఉంటుంది. ఈ బండి తయారైన రోజుల్లో ఆ లెక్క లేదు. పాత రబ్బరు పైపు ఇథనాలుకు మెత్తబడి, ఉబ్బి, పగిలి, వేడి ఇంజన్ మీద పెట్రోలు చుక్కలు వదులుతుంది. పెట్రోలు పంపులోని పలచటి రబ్బరు పొరదీ అదే గతి. ఇథనాలు గాల్లోని తడిని కూడా పీల్చుకుంటుంది. ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిలవుంటే అడుగున నీరు చేరి తుప్పు మళ్లీ మొదలు. పైపులన్నీ ఇథనాలుకు ఆగేవి తేవాలి, పంపుకు కొత్త కిట్టు వేయాలి. ఇది అందం పని కాదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. నేను మాత్రం దీంతోనే మొదలుపెడతాను.

డిసెంబర్ 22

సిగ్గుపడాల్సిన రోజు. నెల రోజులుగా విప్పుతున్నాం. బంపర్లు, లైట్లు, డ్యాష్‌బోర్డు, సీట్లు, తలుపుల లోపలి సామాను, అద్దాలు. విప్పడం ఎంత హాయిగా ఉంటుందంటే చెయ్యి ఆగదు. స్క్రూలు, నట్లు, వాషర్లు అన్నీ ఒక పెద్ద పెయింట్ డబ్బాలో వేశాం. ఇవ్వాళ కుడి తలుపు అద్దం ఎక్కించే మిషను మళ్లీ బిగిద్దామని కూర్చుంటే, ఆ డబ్బాలోంచి దాని నాలుగు స్క్రూలు దొరకడానికి రెండు గంటలు పట్టింది. అందులో ఒకటి తప్పుది, అర అంగుళం పొడవెక్కువ. బిగిస్తే బయటి రేకుకు లోపలి నుంచి మొటిమ లేచేది.

నా షాపులో కాలిన మోటారు వస్తే మొదటి పని ఏంది? కాయిల్ కొయ్యకముందు టర్నులు లెక్కపెట్టాలి, తీగ గేజి కొలవాలి, కనెక్షన్ బొమ్మ గీసుకోవాలి. ఇరవై ఏళ్ల నోటుబుక్కులు గూట్లో ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లగాడు రాసుకోకుండా కొస్తే తిట్టేది నేనే. అదే నేను కారు దగ్గర రాసుకోలేదు.

ఇవ్వాళ్టి నుంచి ఖాళీ పెరుగు డబ్బాలు. ఒక్కో భాగానికి ఒక డబ్బా, మీద మార్కరుతో పేరు. ప్రతిదానికీ విప్పకముందు ఫోనులో రెండు ఫొటోలు, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. దగ్గరివి మాత్రమే తీసుకుంటే పది రోజుల తర్వాత అది బండిలో ఏ మూలదో తెలియడం లేదు.

ఇంకో తప్పు ఇంట్లో జరిగింది. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగిలిందని మావాడు పాత సామాన్లాయనకు వేశాడు. హైదరాబాద్‌లో బండి సామాన్లు దొరికే పుత్లీబౌలీ పోయి కొత్తది తెచ్చాను. అద్దం కూర్చునే గాడి సరిపోయింది, రేకు కూర్చునే గాడి సన్నగా ఉంది. పాతది చేతిలో ఉంటే దుకాణంలోనే పక్కన పెట్టి చూసేవాణ్ణి. కొత్తది బిగిసి, వాన నీళ్లు కొట్టి చూసేదాకా పాతది ఎంత చెత్తయినా పారేయకూడదు. ఇంట్లో అందరికీ చెప్పాను. మా ఆవిడ, "అయితే ఆ తుప్పు సైలెన్సర్ గూడ పూజ గదిల వెట్టాల్నా?" అంది.

2025 జనవరి 19

కుడి సైడ్ పట్టీ పోయిన వారం ఒక వర్క్‌షాపులో చేయించాను. రెండు రోజుల్లో ఇచ్చారు, చౌక. పుచ్చిన పట్టీ మొత్తం కోసి, కొత్త రేకు వంచి, వెల్డింగ్ కొట్టి, రెడ్ ఆక్సైడ్ పూశారు. చూడ్డానికి బ్రహ్మాండం. ఇంటికి తెచ్చి తలుపు బిగిస్తే మూసుకోవడం లేదు. పైన మూలలో వేలు దూరేంత సందు, కింద మూల పట్టీకి రాసుకుంటోంది. తలుపు కబ్జాలు (మడత బందులు) సర్దారు, సుత్తితో తట్టారు. కాలేదు.

తెలిసినవాళ్ల ద్వారా ఒక డెంటర్ చాచాను తీసుకొచ్చాను. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. తలుపు ముట్టుకోలేదు. బండికి అటు చివర నిలబడి ఒక కన్ను మూసి చూసి, "కోసేటప్పుడు లోపట అడ్డం పైపులు కొట్టిండ్రా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి పెట్టె కూసున్నది బిడ్డా. తలుపుది తప్పు గాదు."

ఆయన చెప్పింది ఇదీ. అంబాసిడర్‌కైనా పద్మినికైనా లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. నేల, పట్టీలు, స్తంభాలు, కప్పు అన్నీ కలిసి ఒకటే పెట్టె, ఆ పెట్టే బరువు మోస్తుంది. సైడ్ పట్టీ అందం కోసం పెట్టిన రేకు కాదు, అది ఇంటికి దూలం లాంటిది. ఇంజన్ బరువు ముందుంటుంది, వెనక కమాను స్ప్రింగులు పైకి తోస్తుంటాయి. మధ్యలో దూలం కోసేస్తే పెట్టె నడుము దగ్గర ఒక పిసరు దిగుతుంది. దిగినప్పుడు కొత్త పట్టీ వెల్డింగ్ కొట్టారు కాబట్టి ఆ వంకర అట్లనే గట్టిపడింది.

"మరి ఇప్పుడెట్ల చాచా?"

"ఎట్లేముంది, కొత్త పట్టీ కోసుడే."

చౌకగా అయిన పనికి రెండోసారి డబ్బులు. వాళ్లను అనడానికి కూడా నోరు రాలేదు. రెండు రోజుల్లో కావాలని తొందరపెట్టింది నేనే.

ఫిబ్రవరి 9

చాచా పని చూడ్డానికే మూడు ఆదివారాలు షాపు పిల్లలకు అప్పజెప్పాను. ముందు బండిని జాకీల మీద కాకుండా ఇరుసుల కింద, చక్రాలు బరువు మోస్తున్నట్టే, మొద్దులు పెట్టి నిలబెట్టాడు. నీళ్ల పైపుతో నాలుగు మూలల మట్టం చూశాడు, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు చూసినట్టే. తర్వాత తలుపు సందులో అడ్డంగా, ఐమూలగా ఇనుప పైపులు కొట్టాడు. తప్పుడు పట్టీ కోసి, కింద నుంచి జాకీతో ఇంత, మళ్లీ ఇంత లేపుతూ తలుపు బిగించి మూసి చూశాడు. కొలబద్ద లేదు. జంటగా పట్టుకున్న రెండు అగ్గిపుల్లలు తలుపు చుట్టూ నడిపిస్తాడు. పై మూల నుంచి కింది మూల దాకా ఎక్కడా బిగుసుకోకుండా, ఎక్కడా వదులు కాకుండా పోవాలి. అట్లా పోయాకే కొత్త పట్టీకి మొదటి చుక్క వెల్డింగ్.

అది కూడా వరసగా కొట్టడు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. మధ్యలో ఆగి బీడీ. "సీదా గీత గుంజితే వేడికి రేకు కుందేలు లెక్క ఎగురుతది" అంటాడు. ప్రతి పది చుక్కలకూ తలుపు మూసి, అగ్గిపుల్లలు నడిపించి, మళ్లీ చుక్కలు. పట్టీలు మొత్తం అయ్యేదాకా ఆ అడ్డం పైపులు తీయనివ్వలేదు. ఎడమ వైపు కూడా అట్లనే, ఒక వైపు పూర్తయ్యాకే రెండోది.

ఇసుక కొట్టించి పాత రంగు ఊడదీద్దామా అని అడిగాను. చక్రాల రిమ్ములకు, ముందు ఇరుసు సామానుకు సరే అన్నాడు. బానెట్, కప్పు, తలుపుల లాంటి వెడల్పు రేకులకు వద్దన్నాడు. ఇసుక దెబ్బకు, వేడికి పలచటి రేకు అప్పడంలా అలలు తిరుగుతుందట. వాటిని ఎమరీ పేపరుతోనే గీకాలి. గీకడానికి నేనూ మావాడూ ఉన్నాం.

ఎడమ తలుపు రబ్బరు కింద పాత రంగు దొరికింది. లేత ఆకుపచ్చ. నాయిన మాత్రం బండి మొదట తెల్లదే అని పట్టుపడుతున్నాడు. సేటు దగ్గర కొనేనాటికే ఒకసారి మార్చినట్టున్నారు.

మే 11

మార్చి, ఏప్రిల్ ఒక్క పని జరగలేదు. యాసంగి వరికి ఆఖరి తడులప్పుడు మా దగ్గర మోటార్లు గంటకొకటి కాలి వస్తాయి. పొలం ఎండుతుందని రైతు షాపు ముందే పడుకుంటాడు. అప్పుడు కారు మాట ఎత్తితే తంతారు.

ఆ రెండు నెలలూ బండి ముందరి రేకుల షెడ్డు కింద ఉంది. గీకిన రేకు మీద మామూలు ప్రైమరు కొట్టించి వదిలేశాను. ప్రైమరు ఉందిగా అని ధీమా. పోయిన వారం గాలివానకు షెడ్డు రేకు ఒకటి లేచి బానెట్ మీద రాత్రంతా నీళ్లు కారాయి. తుడిస్తే బాగానే కనిపించింది. నాలుగు ఎండలకు ఆవగింజంత పొక్కులు లేచాయి. గోటితో గిల్లితే కింద ఎర్ర తుప్పు.

పెయింటర్ తమ్ముడు వివరించాక అర్థమైంది. నునుపు చేయడానికి కొట్టే ఆ ప్రైమరు స్పాంజి లాంటిది, తడి దాని గుండా రేకు దాకా పోతుంది. పైన రంగు పడేదాకా దాన్ని ఎండకూ వానకూ వదలకూడదు. నెలలు ఆగాల్సిన బండికి ఉట్టి రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి, అది తడిని ఆపుతుంది. పుట్టీ అయినా దాని మీదే పెట్టుకోవాలి. బానెట్, ముందు రెక్కలు మళ్లీ రేకు దాకా గీకాం. మావాడికి పదో తరగతి సెలవులు ఇట్ల గడుస్తున్నాయి.

జూన్ 15

బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఇంజన్ స్టార్ట్ కావడం కంటే ముందు బండి ఆగడం చూసుకోవాలని దీన్ని ముందుకు జరిపాను. చక్రాల సిలిండర్లలో రెండింటికి లోపల తుప్పు గుంటలు పడ్డాయి. గీకితే పోతాయన్నారు కానీ కొత్తవే వేశాను. మిగతావి కడుగుతుంటే సాయానికి వచ్చిన మెకానిక్ అలవాటుగా కిరోసిన్ డబ్బా అందుకున్నాడు. ఆపాను. కిరోసినో పెట్రోలో తగిలితే బ్రేకు రబ్బరు వాషర్లు ఉబ్బి సిలిండర్లో పట్టేస్తాయి. పెడలు వదిలినా బ్రేకు వదలదు. బ్రేక్ ఆయిల్‌తోనో స్పిరిట్‌తోనో కడగాలి. "ఇన్నేండ్ల సంది ఇట్లనే చేస్తున్న సారూ" అన్నాడు నొచ్చుకుంటూ. చాయ్ తాగించాను.

రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు సున్నం కట్టి మూసుకుపోయాయి. మా బోరు నీళ్లు ఎట్లాంటివో దేశానికంతా తెలుసు, నీళ్లలో ఫ్లోరైడు తీసే పద్ధతికే మా జిల్లా పేరు పెట్టారు. రేడియేటర్‌ను పాడు చేసేది ఫ్లోరైడు కాదు, ఆ నీళ్ల గట్టిదనం. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి నాయినే దాని గొంతు మూశాడు. గొట్టాల్లో రాడ్డు వేయించి సున్నం తీయించి, ఇంజన్ బ్లాకు లోపల కూడా కడిగించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయాలని నిర్ణయం. వాటర్ పంపు కొత్తది. 2009 బాకీ తీరింది.

ఆగస్టు 24

ముసురు. పెయింటింగ్ ఆపాం. గాల్లో తడి ఉన్నప్పుడు కొడితే రంగు మీద పాలపొరలా తెల్లబారుతుంది. దసరా దాటాకే అని పెయింటర్ మాట. ఈ నెలలోనే కేంద్రం ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు ఐదు వేల నుంచి పది వేలకు పెంచింది. తొందరపడితే పట్టీ వంకరైంది, నిదానంగా పోతే ఫీజు పెరిగింది.

ఖాళీగా ఉండలేక వైరింగ్ మొత్తం కొత్తగా వేశాను. ఇది నా సబ్జెక్టు. పాత వైర్లలో టేపు చుట్టిన అతుకులు పదిహేడు. అన్నీ తీసేసి, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టి, ప్రతి తీగకూ కొసన నంబరు వేశాను. గీసిన బొమ్మకు లామినేషన్ కూడా చేయించాను.

అక్టోబర్ 12

రంగు పడింది. తెలుపు కాదు, లేత ఆకుపచ్చ. నాయిన అద్దాలు సర్దుకుని చుట్టూ తిరిగి, "పెండ్లిపిల్లను జేసిన్రు. గని ఇది నా బండి గాదు" అన్నాడు. సాయంత్రం మళ్లీ వచ్చి డిక్కీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

నవంబర్ 2

ఇంజన్ ఎక్కించాం, బ్యాటరీ బిగించాం. ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. సెల్ఫ్ కొట్టాను. టక్ అని ఊరుకుంది. మళ్లీ కొట్టాను. హారన్ నొక్కితే డ్యాష్‌బోర్డు లైటు మసకబారుతోంది, హెడ్‌లైటు వేస్తే ఇండికేటరు మినుకుమంటోంది. మూడోసారి సెల్ఫ్ పట్టుకుని ఉండగా డ్యాష్‌బోర్డు కింది నుంచి పొగ. చోక్ లాగే ఇనుప కేబుల్ ముట్టుకుంటే వేలు కాలింది.

చోక్ కేబుల్‌కు కరెంటుతో ఏం పని? అక్కడే వెలిగింది. మీటరు తెచ్చి సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య ఓల్టేజీ చూశాను. అర ఓల్టు కూడా ఉండకూడని చోట ఆరు ఓల్టులు దాటింది. బ్యాటరీ మైనస్ వైరు, ఇంజన్‌ను బాడీకి కలిపే పట్టీ రెండూ నున్నటి కొత్త రంగు మీద బిగించాం. రంగు అంటే ఇన్సులేషనే కదా. దారి దొరకని కరెంటు సన్నటి చోక్ కేబుల్ గుండా ఇంజన్‌లోకి పోతోంది.

"ఎర్తింగ్ సరిగ లేకుంటే మోటరు కాలకుండ ఏమైతది" అని ఊరి రైతులందరికీ క్లాసు పీకేవాణ్ణి. బావమరిది నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఎర్త్ పాయింట్లు ఏడు దొరికాయి. వాషరు వెడల్పున రంగు గీకి రేకు తేల్చి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజిలిన్ పూశాను. నాలుగో సెల్ఫ్‌కు ఇంజన్ దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, అందుకుంది.

నవంబర్ 16

టైర్లు వేశాం. మొదటి దుకాణంలో "కొత్తవే" అని చూపించిన టైరు పక్కన నాలుగంకెలు చదివితే 3117. అంటే 2017లో 31వ వారం. ఎనిమిదేళ్లు గోడౌన్లో ఎండిన టైరు. వేరే చోట ఈ ఏడాదివి దొరికాయి.

పొద్దున ఆరింటికి పానగల్ దాకా పోయొచ్చాం. స్టీరింగ్ పక్కన గేరు నాకు చేత కావడం లేదు, రెండోది వేయబోతే నాలుగోది పడుతోంది. ఉదయ సముద్రం కట్ట దగ్గర నాయిన దిగమన్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, కళ్లకు ఆపరేషన్ అయింది, వద్దంటే వినడు. క్లచ్ తొక్కి, చూడకుండానే మొదటి గేరు వేసి, చెరువు గాలికి కిటికీ మీద మోచెయ్యి పెట్టి కట్ట మీద అరకిలోమీటరు నడిపాడు. "బ్రేకు ఎడమకు గుంజుతున్నది" అన్నాడు దిగుతూ.

గుంజుతోంది నిజమే. కుడి ముందు డ్రమ్ము మళ్లీ విప్పాలి. ఆర్టీఏకు పోవడం ఆ తర్వాతే. ఖర్చు ఎనభై వేలనుకున్నది రెండు లక్షల పది వేలయింది, ఇందులో కుడి పట్టీకి రెండుసార్లు ఇచ్చినదీ ఉంది. వానకు ముందు అద్దం మూలలో ఇంకా చుక్క దిగుతోంది, ఆ పాత రబ్బరు దొరుకుతుందేమోనని సామాన్లాయన దగ్గరికి మావాణ్ణి పంపాను.